నకిలీ పోలీసు: శిక్ష పెంచితే మేలా, అసలు పోలీసును కార్డు అడగనిస్తే మేలా?

విజయవాడ వన్‌టౌన్ సందుల్లోనైనా, గుంటూరు బ్రాడీపేటలోనైనా ఈ మోసం తీరు ఒకటే. గుడికి వెళ్తున్న పెద్దావిడను ఆపి, "అమ్మా, ముందు వీధిలో దొంగతనం జరిగింది, గొలుసు తీసి కాగితంలో చుట్టుకోండి" అంటారు. పొట్లం వాళ్లే కట్టి ఇస్తారు. ఇంటికి వెళ్లి విప్పితే గులకరాళ్లు. ఒంటిమీద ఖాకీ కూడా అక్కర్లేదు, పొట్టి క్రాఫు, గొంతులో దర్పం చాలు.

వీళ్లకు శిక్ష పెంచమనడం న్యాయమే, కానీ కొంత ఇప్పటికే పెరిగింది. ప్రభుత్వ సేవకుడిగా నటించినవాడికి పాత శిక్షాస్మృతి ఐపీసీలోని 170వ సెక్షన్ కింద గరిష్ఠం రెండేళ్లు జైలు, జరిమానాతోనే వదిలేసే వీలూ ఉండేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 204వ సెక్షన్ కింద ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, పైగా జరిమానా. అసలు లోటు పక్కనే ఉన్న 205లో ఉంది. మోసగించే ఉద్దేశంతో యూనిఫాం వేసుకున్నవాడికి మహా అయితే మూడు నెలలు, లేదా ఐదు వేలు, లేదా రెండూ. ఒక్క గొలుసు ధరలో ఐదు వేలు ఎంత? పెంచదలిస్తే ఇక్కడ పెంచాలి. అంబులెన్సు సిబ్బంది వేషం వేసినవాడి విషయంలో ఇంకో చిక్కుంది. అంబులెన్సులో ప్రైవేటు ఏజెన్సీ కింద పనిచేసే ఉద్యోగి అసలు ప్రభుత్వ సేవకుడేనా అని లాయరు వాదనకు దిగుతాడు. ఆ సందు మూసేయడం మంచిది.

అయినా నా మొగ్గు రెండో దారికే, అంటే జనం నిజమో కాదో అడిగి తేల్చుకునేలా చేయడానికే. "డిజిటల్ అరెస్టు" అంటూ వీడియో కాల్లో బెదిరించేవాడు ఏ రాష్ట్రంలో, ఏ దేశంలో కూర్చున్నాడో తెలియదు. దొరకనివాడికి మూడేళ్లయితేనేం, పదేళ్లయితేనేం? అలాంటి అరెస్టే చట్టంలో లేదని, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని తెలిసిన ఇంట్లో వాడి ఆట సాగదు.

వీధిలో మాత్రం ఇది అంత తేలిక కాదు. అరెస్టు చేసే పోలీసు పేరు స్పష్టంగా కనిపించాలని అరెస్టులు, విచారణల తీరు చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక సురక్షా సంహిత 36వ సెక్షన్ చెబుతోంది. కానీ "కార్డు చూపించండి బాబూ" అంటే అసలు పోలీసే కసురుకుంటే, నకిలీవాణ్ని అడిగే ధైర్యం ఆ పెద్దావిడకు ఎక్కడినుంచి వస్తుంది? జాగ్రత్త భారమంతా ఆమె మీదే వేయడం అన్యాయం. విజయవాడ బెంజ్ సర్కిల్ తనిఖీల్లో నిలబడే కానిస్టేబుల్ ముందుగా తన పేరు, స్టేషన్ చెప్పాలి. అనుమానం ఉన్నవాళ్లను అత్యవసర నంబరు 112కి ఫోన్ చేసుకోనివ్వాలి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కమిషనర్ ఒక్క ఆదేశం ఇస్తే చాలు.