వేగాస్‌లో మూడు రాత్రులు, డెత్ వ్యాలీలో ఒక్కటే

ఫిబ్రవరి లాంగ్ వీకెండ్‌కి ఇంకో రెండు రోజులు సెలవు కలుపుకుని నేనూ మా ఆయనా డాలస్ నుంచి లాస్ వేగాస్ వెళ్లి, అక్కడ కారు అద్దెకు తీసుకుని ఎడారి తిరిగొచ్చాం. డెత్ వ్యాలీ నేషనల్ పార్కులో ఒక రాత్రి, వేగాస్‌లో మూడు రాత్రులు అని వేసుకున్నాం. ముందే చెప్పేస్తున్నా, ఆ లెక్క తప్పు. ఎడారికి కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి.

పొద్దున విమానం దిగి నేరుగా బయల్దేరిపోయాం. పహ్రంప్ అనే ఊరి మీదుగా పార్కు లోపలి ఫర్నెస్ క్రీక్‌కి దాదాపు 120 మైళ్లు, రెండు గంటల పైన పట్టింది. గ్యాస్ (కారుకి పెట్రోలు), నీళ్లు, తినడానికి ఏమైనా కావాలంటే పహ్రంప్‌లోనే తీసుకోండి, పార్కు లోపల గ్యాస్ దొరుకుతుంది కానీ ధర చాలా ఎక్కువ. ఆ ఊరు దాటిన కాసేపటికే ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. పార్కు ఎంట్రీ కారుకి 30 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. రాత్రే కలిపి తెచ్చుకున్న నిమ్మకాయ పులిహోర మధ్యాహ్నం ఒక చెట్టు నీడ చూసుకుని తిన్నాం, అక్కడ నీడ దొరకడమే గొప్ప.

బ్యాడ్‌వాటర్ బేసిన్ సముద్రమట్టానికి 282 అడుగులు కింద ఉంది, ఉత్తర అమెరికా మొత్తంలో అంతకన్నా లోతైన నేల లేదు. కారు దిగి వెనక్కి తిరిగితే కొండ మీద ఎక్కడో పైన, సముద్రమట్టం ఇక్కడ అని ఒక బోర్డు కొట్టి ఉంటుంది, అది చూశాకే మనం ఎంత కింద ఉన్నామో ఒంటికి తెలుస్తుంది. చుట్టూ కొండల మీద పడ్డ వాన లవణాలను కరిగించి తెచ్చి ఇక్కడ పోస్తుంది, బయటికి దారి లేక నీరు ఆవిరైపోయి ఉప్పు మిగిలిపోతుంది, వేల ఏళ్లుగా అదే జరుగుతోంది. జనమంతా మొదట్లోనే ఫొటోలు దిగి వెళ్లిపోతున్నారు. ఇంకో అరగంట లోపలికి నడవండి, తొక్కుడు లేని తెల్లటి ఉప్పు, మాట్లాడితే మన గొంతే మనకు పెద్దగా వినిపించేంత నిశ్శబ్దం. మాది అనంతపురం, ఎండిన నేల నాకు కొత్త కాదు. మా వైపు ఏడాదికి 22 అంగుళాల వాన పడుతుంది, అది చాలకే మా నాన్న జీవితమంతా ఆకాశం చూశారు. ఇక్కడ పడేది 2 అంగుళాలు. ఆ మాట మా ఆయనతో అంటే కాసేపు ఏమీ అనలేదు, ఆయనది కోనసీమ.

ఆర్టిస్ట్స్ డ్రైవ్ తొమ్మిది మైళ్ల వన్ వే రోడ్డు, సాయంత్రం ఎండలో వెళ్తే కొండల మీద గులాబీ, ఆకుపచ్చ రంగులు బాగా తేలతాయి. బస స్టవ్‌పైప్ వెల్స్‌లో. గది మామూలుదే, శుభ్రంగా ఉంది, రాత్రికి 200 డాలర్ల పైనే అయింది. కానీ మెస్కీట్ ఇసుక దిబ్బలు అక్కడికి రెండు మైళ్లే. అమావాస్య దగ్గర్లో చూసుకుని బుక్ చేసుకున్నాం, రాత్రి తొమ్మిదింటికి దుప్పటి పరుచుకుని ఇసుకలో పడుకుంటే చిన్నప్పుడు మిద్దె మీద పడుకున్నప్పటి ఆకాశం మళ్లీ కనిపించింది. ఈ ఒక్క గంట కోసమే ఇంకోసారి వెళ్తాను. దీనికి ఒక ఇబ్బంది, జబ్రిస్కీ పాయింట్ అనే వ్యూ పాయింట్‌లో సూర్యోదయం చూడాలంటే చీకట్లో 30 మైళ్లు డ్రైవ్ చేయాలి, ఐదింటికే లేచాం. రెండు రాత్రులుంటే ఒకటి ఇక్కడ, ఒకటి ఫర్నెస్ క్రీక్‌లో ఉంటే సరిపోతుంది.

ఇక వేగాస్. కాసినో హోటళ్లన్నీ వరసగా ఉండే స్ట్రిప్ అనే రోడ్డు మీద పెద్ద హోటల్లోనే దిగాం, గది రేటు తక్కువ చూసి సంబరపడ్డాం. చివరికి రిసార్ట్ ఫీజు అని రాత్రికి 45 డాలర్లు, పార్కింగు వేరే, పైన టాక్సు. బుక్ చేసేటప్పుడు మొత్తం చూసుకోండి. గదిలో టీ కాచుకోవడానికి కెటిల్ లేదు, ఫ్రిజ్ వాళ్ల సరుకుతో నిండి ఉంది. పార్కింగు నుంచి లిఫ్టుకు వెళ్లాలన్నా సిగరెట్ పొగలో కాసినో మధ్య నుంచే నడవాలి, పొగ పడనివాళ్లకు, పిల్లలున్నవాళ్లకు కాసినో లేని హోటళ్లు కూడా ఉన్నాయి, అవి చూసుకోండి. బెల్లాజియో ఫౌంటెన్లు మాత్రం మనసారా నచ్చాయి, రాత్రి ఎనిమిది తర్వాత పావుగంటకోసారి, పైసా ఖర్చు లేదు, నాలుగుసార్లు నిలబడి చూశాం. స్లాట్ మెషీన్ల కోసం 50 డాలర్లు పక్కన పెట్టుకున్నాం, అవి అయిపోయాక లేచి వచ్చేశాం. రెండో రాత్రికే చూడాల్సింది అయిపోయింది.

మిగిలిన రోజుల్లో ఊరి బయటికే పోయాం. హూవర్ డ్యామ్ 726 అడుగుల ఎత్తు, కానీ నా కళ్లు ఎగువన మీడ్ సరస్సు గట్ల మీద తెల్లటి చార దగ్గరే ఆగిపోయాయి, నీళ్లు ఒకప్పుడు ఎక్కడిదాకా ఉండేవో ఆ చార చెబుతుంది. తుంగభద్ర హైలెవల్ కాలువలో నీళ్లు వదిలారా అని రోజూ పేపర్లో వెతికే ఊళ్లో పెరిగినదాన్ని, అది చూస్తే నిజంగా బాధేసింది. వ్యాలీ ఆఫ్ ఫైర్ గంట దూరం, ఎర్ర ఇసుకరాయి కొండలు, రాళ్ల మీద పాత జాతుల వాళ్లు చెక్కిన బొమ్మలు. బయటి రాష్ట్రాల బండికి 15 డాలర్లు, నెవాడా నంబరు ప్లేటుంటే 10, అద్దె కారు అక్కడిదే కాబట్టి మాకు పదే అయింది. సగం రోజు చాలదు, పొద్దున్నే వెళ్లండి.

మా అత్తగారూ మామగారూ జూన్‌లో వస్తామంటున్నారు. జబ్రిస్కీ, బ్యాడ్‌వాటర్ రెండూ పెద్దవాళ్లు హాయిగా నడవగలిగేవే, కానీ వేసవిలో అక్కడ పొద్దున పది దాటాక నడవొద్దని పార్కు వాళ్లే చెబుతారు. 1913 జూలైలో 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైన చోటు అది. టికెట్లు ఫిబ్రవరికి మార్చుకోమని నిన్ననే ఫోన్ చేసి అడిగాం.