సుక్కోత్ పండక్కి జెరూసలేంలో

జెరూసలేంలో గది బుక్ చేసేముందు యూదుల పండగల క్యాలెండరు చూసుకోవాలి. మేం దిగింది యూదుల ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్‌కి ముందు రోజు. ఆ సాయంత్రం నుంచి మర్నాడు చీకటి పడేదాకా బస్సులు, ట్రామ్, రైళ్లు, టీవీ ప్రసారాలు అన్నీ బంద్. దేశంలోని పెద్ద ఎయిర్‌పోర్టు బెన్ గురియన్ కూడా మూసేస్తారు. పచ్చి మంచినీళ్లయినా ముట్టని 25 గంటల ఉపవాసం అది. ఖాళీ రోడ్ల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు. రొట్టె, పండ్లు, పెరుగు ముందే కొనిపెట్టుకున్నాం. గెస్ట్‌హౌస్ జాఫా రోడ్డులో కాబట్టి పాత నగరానికి నడిచే వెళ్లాం. ముస్లింల వీధుల్లో కొన్ని కొట్లు తెరిచే ఉన్నాయి, ఫలాఫెల్ (శనగల వడలు) దొరికింది. రూము ఇరుకే, కానీ ఊరి చివర చవగ్గా దొరికే హోటల్ కంటే ఇదే నయం.

ఉపవాసం ముగిసిన రాత్రే సుత్తి చప్పుళ్లు మొదలయ్యాయి. నాలుగు రోజులు తిరిగితే సుక్కోత్, అంటే పర్ణశాలల పండగ. ఇంటింటికీ ఓ పందిరి వేస్తారు, దాన్ని సుక్కా అంటారు. పైన ఆకులూ కొమ్మలే కప్పాలి, వాటి సందుల్లోంచి చుక్కలు కనిపించాలి. అందుకే మతనిష్ఠ గలవాళ్ల పేటల్లో బాల్కనీలు ఒకదాని కింద ఒకటి రాకుండా కడతారు. మహానే యెహుదా మార్కెట్ దగ్గర పండగ ప్రార్థనకు వాడే ఎత్రోగ్ అనే నిమ్మజాతి పండును భూతద్దం పెట్టి మరీ మచ్చ వెతికి కొంటున్నారు. ఎంతసేపు చూసినా తనివి తీరలేదు నాకు.

పండగ రోజులకు మేం మారిన పెద్ద హోటల్‌కు మాత్రం మార్కులు తక్కువే. రేటు బాగా పెంచారు, గది శుభ్రంగా లేదు. శనివారం లిఫ్ట్ ప్రతి అంతస్తులో దానంతటదే ఆగుతుంది, టిఫిన్ చల్లగా ఉంటుంది. అవి శబ్బాత్ (యూదుల వారపు విశ్రాంతి దినం) నియమాలు, తప్పు పట్టకూడదు. రాత్రి మాంసాహార భోజనం దగ్గర పాలు పోసిన టీ కావాలని అమ్మ అడిగితే ఇవ్వలేదు. కోషెర్ భోజనంలో, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం వండినదాంట్లో, మాంసంతో పాటు పాలు వడ్డించరు.

పండగ మధ్య రోజుల్లో యూదులు ప్రార్థన చేసే పశ్చిమ గోడ దగ్గర వేలమంది మధ్య పురోహితుల ఆశీర్వాదం విన్నాం. ఆడవాళ్ల వైపు జాగా తక్కువ, పొద్దున్నే వెళ్లాలి. బెత్లెహేం చూడాలనుకునే మనవాళ్లకు శనివారం కూడా డమాస్కస్ గేటు దగ్గర అరబ్ బస్సులు దొరుకుతాయి.

పస్కా పండక్కి వెళ్తే యూదుల హోటళ్లలో మామూలు రొట్టె ఉండదు. దీపాల పండగ హనుక్కాకు అన్నీ నడుస్తాయి, ఎనిమిది రాత్రులు దీపాలు చూడొచ్చు. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేనైతే సుక్కోత్ మధ్య రోజులే చెబుతాను. తేదీలు ఏటా మారతాయి. మన పంచాంగంలాగే వాళ్లకీ అధిక మాసాలున్నాయి, 19 ఏళ్లలో ఏడు. 2026లో సుక్కోత్ సెప్టెంబరు 25 సాయంత్రం మొదలవుతుంది.