గల్ఫ్ నుంచి పేషెంట్‌ని ఇంటికి తెచ్చుకుంటున్నవాళ్లకి: విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) దగ్గర మంచాలు అద్దెకిచ్చే షాపు

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకి పెద్ద జబ్బు చేస్తే అందరం టికెట్ గురించి, డబ్బుల గురించే టెన్షన్ పడతాం. తీరా మనిషి వచ్చాక ఎక్కడ పడుకోబెట్టాలన్నది ఎవరికీ గుర్తు రాదు. మాకు ఆ సంగతి దగ్గరుండి చూసిపెట్టింది కేజీహెచ్ దగ్గర సందులో హాస్పిటల్ సామాన్లు అద్దెకిచ్చే ఓ చిన్న షాపు. మడతపెట్టిన వీల్‌చైర్లు గుమ్మం బయటే గొలుసు వేసి ఉంటాయి, అదే గుర్తు.

మా ఫ్రెండ్ షార్జాలో వెల్డర్. కంచరపాలెం ఐటీఐలో మా బ్యాచ్. బ్రెయిన్ స్ట్రోక్ వచ్చి కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది, ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోస్తున్నారు. అక్కడున్న మా బ్యాచ్ కుర్రాళ్లు డ్యూటీ దిగి నేరుగా హాస్పిటల్‌కి వెళ్లి, వంతులేసుకుని వాడి పక్కన కూర్చున్నారు, రోజూ వీడియో కాల్ పెట్టి వాళ్లావిడ గొంతు వినిపించారు, కాన్సులేట్ చుట్టూ తిరిగారు. ఇలాంటి కష్టాల్లో ఉన్నవాళ్ల కోసం మన ఎంబసీలు, కాన్సులేట్ల దగ్గర ఐసీడబ్ల్యూఎఫ్ (ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్) అని ఒక నిధి 2009 నుంచీ ఉంది, చాలామందికి తెలీదు. ప్రవాసీ భారతీయ బీమా కూడా చూశారు. రెండేళ్లకి 275 రూపాయలు కట్టే పాలసీ అది, కానీ అందులో చెప్పే 10 లక్షలు ప్రమాదంలో చనిపోయినా, ప్రమాదం వల్ల శాశ్వతంగా వైకల్యం వచ్చినా ఇచ్చేవి, స్ట్రోక్‌కి రావు. స్ట్రెచర్ మీద తేవాలంటే విమానంలో కొన్ని సీట్లు వంచి వాటిపైన స్ట్రెచర్ బిగిస్తారు, ఆ సీట్లన్నిటికీ మనమే కట్టాలి, ఎయిర్‌లైన్ డాక్టర్లు రిపోర్టులు చూసి ఒప్పుకోవాలి, వెంట నర్సు ఉండాలి. దానికోసం ఒకడైతే ఇంటికి పంపాల్సిన జీతం మొత్తం తీసి ఇచ్చేశాడు. వాళ్ల రుణం ఎలా తీర్చుకోవాలో నాకు నిజంగా తెలీదు. ఇక్కడ మేం చేయాల్సిందల్లా ఇల్లు రెడీ చేయడం.

షాపుకి వెళ్లి ఒక మంచం కావాలన్నాం. షాపాయన మంచం చూపించలేదు, ముందు ప్రశ్నలు వేశాడు. బరువెంత, గొట్టంతో తింటాడా నోటితోనా, ఇల్లు ఏ అంతస్తు, మెట్లు ఎంత వెడల్పు, ఇన్వర్టర్ ఉందా. డిశ్చార్జ్ సమ్మరీ ఉంటే తెప్పించమన్నాడు. షార్జా వాళ్లు వాట్సాప్‌లో పంపితే కళ్లద్దాలు పెట్టుకుని మొత్తం చదివాడు. నడుం కింద పుండు మొదలైందని అందులో రాసి ఉంది, మాలో ఎవరం గమనించలేదు. వెంటనే మా కోసం ఒక గాలి పరుపు తీసి పెట్టించాడు. మేం తక్కువ అద్దె అని మామూలు ఇనప మంచం అడిగితే ఒప్పుకోలేదు. "గొట్టంతో పోసేవాడికి తలవైపు ఎత్తుండాలి బాబూ, పోసినప్పుడే కాదు, పోశాక కూడా ఓ గంట. లేపోతే ఊపిరితిత్తుల్లోకి పోద్ది" అని హ్యాండిల్ తిప్పి తలవైపు లేచే మంచం చూపించాడు. ఆక్సిజన్ మెషీన్ కూడా ఇవ్వమంటే, డాక్టరు రాయలేదు కదా, రాస్తే అప్పుడు తీసుకెళ్లండి అన్నాడు. అద్దె వచ్చే వస్తువుని వద్దన్నాడు, అక్కడే ఆయన మీద నాకు నమ్మకం కుదిరింది.

గాజువాకలో మా వాడి ఇల్లు మొదటి అంతస్తు, మెట్లు ఇరుకు. మంచం తల పలక, కాళ్ల పలక విప్పి పైకి తెచ్చి బిగించారు. గాలి పరుపులో గొట్టాలు వంతులవారీగా ఉబ్బుతాయి, తగ్గుతాయి, పంపు మంచం కాళ్లవైపు తగిలిస్తారు. షాపు కుర్రాడు నన్నే పడుకోమని, పరుపు కింద నుంచి నడుం దగ్గరకి అరచెయ్యి దూర్చి చూశాడు. నడుం చేతికి తగిలితే గాలి చాలనట్టు లెక్క. మా వాడొచ్చాక కూడా అలాగే చూసుకోమని వాళ్లావిడ చేత రెండుసార్లు చేయించాడు. పరుపు ఉంది కదా అని రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం మాత్రం మానొద్దని గట్టిగా చెప్పాడు.

బాగాలేనివీ ఉన్నాయి. పొద్దున్నే తెస్తామన్న సామాను చీకటి పడ్డాక వచ్చింది, అప్పటికి విమానం దిగిన మా వాడిని ఎక్కించుకుని అంబులెన్స్ హైదరాబాద్‌లో బయల్దేరిపోయింది, మా ప్రాణాలు పోయాయనుకోండి. కఫం తీసే సక్షన్ మెషీన్ మొదట ఇచ్చింది సరిగ్గా లాగలేదు, ఫోన్ చేస్తే మర్నాడు మార్చారు. అది పేషెంట్ లేనప్పుడే నీళ్లతో పరీక్షించి తీసుకోండి. అడ్వాన్సుకి తెల్ల కాగితం మీద రాసిచ్చారు, పట్టుబట్టి బిల్లు తీసుకోండి. నెల మధ్యలో తిరిగిచ్చినా నెల అద్దె పూర్తిగా పడుతుంది, మోత కూలీ వేరు.

ఇవన్నీ కలుపుకుని కూడా నేను ఐదుకి నాలుగు ఇస్తాను. నడుం దగ్గర పుండు మానింది. సక్షన్ మెషీన్ వెనక్కి ఇచ్చేశాం, దాని అడ్వాన్సు పేచీ లేకుండా ఇచ్చేశారు. వాకర్ మొదలుపెట్టొచ్చని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పింది, అదీ ఇక్కడే తీసుకుంటున్నాం, డబ్బులు ఈసారి కూడా షార్జా నుంచే వచ్చాయి.