పెయింట్ మందం మీటరు: ఏళ్ల వాడకం తర్వాత

విశాఖలో కారుకు గీతలు పడాలంటే ఎవరో తాళంచెవితో గీరనక్కరలేదు. పాతనగరం వైపు పోర్టు నుంచి వచ్చే బొగ్గు ధూళి, బీచ్ రోడ్డు వైపు ఇసుక. పొద్దున్నే ఆ ధూళిని పొడిగుడ్డతో తుడిచేస్తే చాలు, గీతలు పడిపోతాయి. కవరు కప్పినా ఒరిగేదేమీ లేదు. కింద ధూళి ఉండగా కప్పితే సముద్రపు గాలికి అది రాత్రంతా కదులుతూ బానెట్‌ను రాస్తూనే ఉంటుంది. నాది ముదురు నీలం రంగు సెకండ్‌హ్యాండ్ కారు. ఎండలో పెడితే పైకప్పు మీద సాలెగూడు అల్లినట్టే ఉంటుంది.

రేకు మీద పెయింటు ఎంత మందంగా ఉందో చూపించే ఈ మీటరు కొనడానికి కారణం, గీతలు చూపిస్తే పెయింటింగ్ షెడ్లలో వినిపించే ఒకే మాట: “పాలిష్ రెండు రౌండ్లు కొడితే పోతుందండి.” పోతుంది, నిజమే. కానీ గీత పోవడమంటే దాని అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీయడమే. కంపెనీ పెయింటు అన్ని పొరలూ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో మనం అరగదీయగలిగేది రంగు పైనుండే పారదర్శక పొర, అంటే క్లియర్ కోట్ ఒక్కటే, అదీ 40, 50 మైక్రాన్లకు అటూ ఇటూ. ఎండను తట్టుకునే రసాయనాలు అందులోనే ఉంటాయి. మరీ పలచబడితే కొన్నాళ్లకు తెల్లగా మారి పొట్టు లేస్తుంది.

గీత పోతుందా లేదా అన్నది మాత్రం ఈ మీటరు చెప్పదు. దానికి గోరు, నీళ్లు చాలు. కడిగి ఆరబెట్టిన చోట గీతకు అడ్డంగా గోరు నడిపితే అది గీతలో చిక్కుకోకూడదు. నీళ్లు చల్లినప్పుడు గీత కనిపించకుండా పోతే అది క్లియర్ కోట్‌లోనే ఉందని దాదాపు నమ్మవచ్చు. తడిలోనూ కనిపిస్తే, లోపల రంగు కింద వేసే బూడిదరంగు ప్రైమర్ తొంగిచూస్తే, పాలిష్ సంగతి మరచిపోయి టచప్ పెయింటు కొనుక్కోవాలి. రేకు బయటపడితే అసలే ఆలస్యం చేయకూడదు, ఈ ఉప్పుగాలిలో తుప్పు త్వరగా పడుతుంది.

మీటరు పనికొచ్చేది తర్వాతి ప్రశ్నకు: పోయే గీతే అయినా ఇక్కడ ముట్టుకోవచ్చా? నా కారు బానెట్, ముందు తలుపులు 110, 120 మధ్య చూపిస్తాయి. వెనక కుడి తలుపు 240 పైమాటే. “ఎక్కడా తగల్లేదండి” అన్న అమ్మకందారు మాట అక్కడే తేలిపోయింది. మందం ఎక్కువ కదా అని ఆ తలుపును ధైర్యంగా రుద్దితే పొరపాటే. రెండోసారి వేసిన రంగులో క్లియర్ ఎంత, కింద సొట్ట పూడ్చిన పుట్టీ ఎంత అన్నది ఆ అంకెలో తెలియదు. డిక్కీ మూత మీద ఒకచోట మాత్రం 90 లోపే వస్తుంది. అంతకుముందే ఎవరో గట్టిగా పాలిష్ పట్టినట్టున్నారు. అక్కడి గీతలను అలాగే వదిలేశాను. ఒక్క ఆ అంకెతోనే నా డబ్బు తిరిగివచ్చిందనుకుంటాను.

ఇక లోపాలు. ఇనుము, అల్యూమినియం రేకుల మీదే పనిచేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ బంపర్ మీద మూగబోతుంది. జగదాంబ జంక్షన్ పరిసరాల్లో పార్కింగ్ చేసేవాళ్లకు గీతలన్నీ పడేది ఆ బంపర్ల మీదే! అంచుల మీద, మడత గీతల మీద మీటరు మొన సరిగా ఆనదు. పెయింటు సన్నగా ఉండేదీ, పాలిష్ మెషిన్ ప్యాడ్ మొదట కాల్చేసేదీ అక్కడే. పైగా తేలికపాటి పాలిష్‌కు పోయేది రెండు మూడు మైక్రాన్లు, చవక మీటరు తేడా కూడా దాదాపు అంతే. కనుక పని మధ్యలో ఎంత అరిగిందో దీంతో కొలుస్తామంటే కుదరదు. నేను మెత్తటి ప్యాడ్‌తో, సన్నరకం పాలిష్‌తో జానెడు చోట మొదలుపెట్టి, ఆల్కహాల్‌తో తుడిచి చూస్తాను. అలా తుడవకపోతే పాలిష్‌లోని నూనెలు గీతలను పూడ్చి మోసం చేస్తాయి. అయినా మిగిలిన గీతలు ఉంటే ఉండనీ.

కొత్త కారును మొదటినుంచీ సొంతంగా చూసుకుంటున్నవాళ్లకు ఇది అవసరం లేదు. పాత కారు కొనబోయేవాళ్లు మాత్రం బేరానికి ముందే కొనుక్కోవడం మేలు. సున్నా సరిచూసుకోవడానికి ఇచ్చిన ఇనుప బిళ్ల నా దగ్గర తుప్పు పట్టింది. నూనె రాసి ఉంచి, వాడే ముందు శుభ్రంగా తుడవండి, లేకపోతే ప్రతి అంకె తప్పే చూపిస్తుంది.