పిల్లలకు శ్లోకాలు, పద్యాలు: ఆదివారం క్లాసా, ఆన్‌లైనా, ఇంట్లోనా?

జూన్‌లో బడులు తెరిచారంటే చాలు, తల్లిదండ్రులు నన్ను అడిగే మాట ఇదే: "పిల్లల్ని ఎక్కడ చేర్పించమంటారండీ?" ఆదివారాలు మా కాలనీ గుడిలో పిల్లలకు శ్లోకాలు చెప్తుంటాను కాబట్టి నా దగ్గరికే రమ్మంటానని అనుకుంటారు. వీలున్నంతలో ఇంట్లోనే మొదలుపెట్టమనే నేను చెప్తాను.

వేదపాఠశాల దారి వేరు. తిరుమల ధర్మగిరి లాంటి చోట కృష్ణ యజుర్వేదంలో చేరిన పిల్లవాడు తైత్తిరీయ సంహితలోని 44 ప్రశ్నలూ, అంటే అధ్యాయాలూ, నోటికి పట్టాలి. ఆపైన అవే మంత్రాలను పదం, క్రమం, జట, ఘన అనే వల్లింపు పద్ధతుల్లో చెప్పడం. అది జీవితాన్నే అటు మళ్లించే నిర్ణయం, స్కూలుతో పాటు సాగేది కాదు.

ఆన్‌లైన్ క్లాసు దగ్గర్లో చెప్పేవాళ్లెవరూ లేని ఊళ్లకు, విదేశాల్లో ఉన్నవాళ్లకు మంచి ఆధారం. కానీ అందరూ కలిసి చెప్పినా నెట్‌లో గొంతులు ఒకదాని వెనక ఒకటి వస్తాయి కాబట్టి అందరినీ మ్యూట్‌లో పెట్టక తప్పదు. మీ అమ్మాయి ఎలా పలుకుతోందో టీచరుకు వినపడేది తన వంతు వచ్చినప్పుడే.

ఆదివారం క్లాసుకున్న బలం తోటి పిల్లలు. గీతలో భక్తియోగం 20 శ్లోకాలే. పదిమందీ గొంతు కలిపితే బిడియం ఉన్న పిల్లలు కూడా నోరు విప్పుతారు. చిన్మయ మిషన్ బాలవిహార్‌లలో వయసును బట్టి పాఠం ఉంటుంది, కథా ఉంటుంది. అయితే ఆ గుంపులోనే తప్పులూ దాక్కుంటాయి. "సర్వవిఘ్నోపశాంతయే" అనాల్సిన చోట "విజ్ఞోప" అనే పిల్లల్ని ఎంతమందిని చూశానో! ఆదివారం దిద్దుతాను. మిగతా ఆరు రోజులూ వినేవాళ్లు లేకపోతే వచ్చే వారానికి మళ్లీ "విజ్ఞోప"నే.

నా లెక్కలో అసలు తేడా తెచ్చేది ఇదే: రోజూ వినేది ఎవరు, పిల్లలు అడిగినదానికి బదులిచ్చేది ఎవరు? నేర్పేవారికి ఎంత పాండిత్యం ఉందన్నది ఆ తర్వాతి మాట.

గజేంద్ర మోక్షమే తీసుకోండి. ఏనుగు మొర విన్న విష్ణువు లక్ష్మికి చెప్పకుండా, శంఖచక్రాలు చేత పట్టకుండా పరుగెత్తాడని పోతన పద్యం. అది విన్న ఓ పిల్లవాడు, "చక్రం లేకుండా వెళ్తే మొసలిని ఎలా చంపాడు?" అని అడిగాడు. ఎంత చక్కటి ప్రశ్న! గంటలో ముగించాల్సిన క్లాసులో "తర్వాత చెప్తాలే" అనేసి ముందుకు పోతాం. అదే ఇంట్లో అయితే అమ్మకు తెలియకపోయినా ఇద్దరూ కూర్చుని తర్వాతి పద్యం చదువుకోవచ్చు. స్వామి వెనక లక్ష్మి, ఆమె వెనక అంతఃపుర స్త్రీలు, వాళ్ల వెనక గరుత్మంతుడు, అతని పక్కనే విల్లు, గద, శంఖం, చక్రం, అన్నీ కదిలి వచ్చాయని అందులోనే ఉంది. తన ప్రశ్నకు పోతనే జవాబు చెప్పాడని తెలిసిన పిల్లవాడికి ఆ పద్యం వల్లె వేయించనక్కర్లేదు. భక్తి అలా తనంతట తాను లోపలికి దిగుతుందని నా నమ్మకం.

"మాకే రాదు, ఏం నేర్పుతాం?" అంటారు చాలామంది. రాకపోవడమే మంచిదయింది, కలిసి నేర్చుకోండి. నాన్న కూడా తడబడుతూ పద్యం అప్పజెప్తుంటే పిల్లలకు టెన్షన్ ఉండదు. నాన్నను దిద్దడానికైనా వాళ్లు గట్టిగా నేర్చుకుంటారు. తాతయ్యో అమ్మమ్మో ఇంట్లో ఉంటే ఇక అడగక్కర్లేదు.

ఇద్దరూ ఉద్యోగాలు చేసి రాత్రికి గానీ ఇల్లు చేరని వాళ్లు క్లాసులో చేర్పించండి, అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆ వారం ఏ శ్లోకం చెప్పారో కనుక్కుని, సోమవారం నుంచి తల దువ్వేటప్పుడో, బండి మీద బడికి దింపేటప్పుడో ఒక్కసారి చెప్పించుకుని వినండి.