టామ్ డేలీ పేరుతో వచ్చే అల్లిక కిట్: మా ఇంట్లో ఎలా పనికొచ్చిందంటే

పోయిన చలికాలం మా అబ్బాయి అడిగి మరీ కొనిపించుకున్న వస్తువు ఇది. వాడికి పదిహేనేళ్ళు. మేం ఇంగ్లండ్‌లో, రీడింగ్‌లో ఉంటాం. తీసుకున్నది కొత్తగా నేర్చుకునేవాళ్ళ స్కార్ఫ్ కిట్.

ముందు ఊలు సంగతి. మెత్తగా ఉంది, మెడకి గుచ్చుకోదు. ఊలూ సూదులూ రెండూ లావు కాబట్టి కాసేపు కూర్చుంటే జానెడు పెరుగుతుంది, పిల్లలకి విసుగు రాదు. ఎలా అల్లాలో చెప్పే కాగితంలోని గుర్తులు మాత్రం, ఏ కిట్‌లోనైనా అంతే అనుకుంటా, అల్లిక తెలియనివాళ్ళకి ఒక పట్టాన అర్థం కావు. మొదటి కుట్లు సూది మీదకి ఎక్కించడం దగ్గరే ఇద్దరం ఆగిపోతే, చీరాలలో ఉన్న మా అమ్మ వీడియో కాల్‌లో గట్టెక్కించింది.

ఊలూ సూదులూ విడిగా కొనుక్కోవచ్చు కదా అన్నారు మా వారు. కొనుక్కోవచ్చు. కానీ మా వాడికి కావాల్సింది ఆ పేరున్న కిట్. నేనీ రివ్యూ రాస్తున్నదీ ఆ పేరు గురించి చెప్పాలనే.

టామ్ డేలీ బ్రిటన్ మాజీ డైవర్, అంటే ఎత్తు మీంచి కొలనులోకి దూకే పోటీల ఆటగాడు. పద్నాలుగేళ్ళకే 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో దూకాడు. 2013 డిసెంబర్‌లో, పంతొమ్మిదేళ్ళప్పుడు, యూట్యూబ్‌లో వీడియో పెట్టి తను ఒక అబ్బాయితో ప్రేమలో ఉన్నానని చెప్పాడు. ఎవరో తన మాట మార్చి రాయకుండా తన నోటితోనే చెప్పాలనుకున్నాడు. ఆ రోజు తనకి తాను ఏ పేరూ పెట్టుకోలేదు, అమ్మాయిలూ నచ్చుతారనే అన్నాడు. గే అని చెప్పుకున్నది తర్వాత. తల్లిదండ్రులు ఈ ఒక్క సంగతైనా గమనించాలని నా కోరిక. "ఇంతకీ నువ్వేంటి, తేల్చి చెప్పు" అని పిల్లల్ని నిలదీస్తాం మనం. అంత పేరున్నవాడే మెల్లగా, తనకి తెలిసినంతవరకే చెప్పుకున్నాడు. స్కూలుకెళ్ళే పిల్లకో పిల్లాడికో ఆ మాత్రం టైమ్ ఇవ్వద్దా?

2021 జూలైలో టోక్యో ఒలింపిక్స్‌లో తోటి డైవర్ మాటీ లీతో కలిసి గోల్డ్ కొట్టాక, తాను గే అనీ ఒలింపిక్ ఛాంపియన్ అనీ గర్వంగా చెప్పుకున్నాడు. కొన్ని రోజులకే గ్యాలరీలో కూర్చుని అల్లుకుంటూ కనిపించాడు. మెడల్‌కి గీతలు పడకుండా చిన్న సంచీ కూడా అల్లాడు. లాక్‌డౌన్‌లో నేర్చుకున్న పని అది. మా వాడి బుర్రలో నిలిచిపోయింది ఆ గ్యాలరీ ఫొటోనే.

అమ్మ కాల్‌లో ఉండగా వాడు ఆ ఫొటో చూపించాడు. "ఎవర్రా ఈ అబ్బాయి?" అంది. "డైవర్, అమ్మమ్మా. గోల్డ్ కొట్టాడు. గే. ఆయనకి భర్త ఉన్నాడు, ఇద్దరు పిల్లలు" అని సూది మీంచి కళ్ళెత్తకుండా చెప్పేశాడు. నా గుండె ఝల్లుమంది. ఆ మాట మా అమ్మ ముందు నేనెప్పుడూ అనలేదు. అమ్మ కాసేపు ఆగి, "కుట్లు భలే సమంగా పడ్డాయే" అంది. తర్వాత, "వాళ్ళిద్దరూ బాగుంటున్నారా నాన్నా?" అని అడిగింది.

మరోసారి ఫోన్‌లో రన్నర్ ద్యుతీ చంద్ సంగతి అమ్మే ఎత్తింది. ఒడిశాలో చేనేత ఇంటి పిల్ల, హైదరాబాద్‌లో ట్రైనింగ్ తీసుకుంది కాబట్టి అమ్మకి గుర్తుంది. 2018 ఏషియన్ గేమ్స్‌లో రెండు సిల్వర్లు తెచ్చిన ఆ అమ్మాయి, స్వలింగ సంబంధాలు నేరం కాదంటూ సుప్రీంకోర్టు 377 తీర్పు వచ్చిన మరుసటి ఏడాదే, 2019 మేలో, తమ ఊరి అమ్మాయిని ప్రేమిస్తున్నానని బయటికి చెప్పింది. సొంత ఇంట్లోవాళ్ళే ఒప్పుకోలేదు. "మెడల్స్ తెచ్చిన పిల్లనే అట్లా అంటే, ఏ పేరూ లేని పిల్లలేం చేస్తారే?" అంది అమ్మ. నా భయమూ అదే. అందుకే సెలబ్రిటీ ఒకరు చెప్పేస్తే అన్నీ సర్దుకుంటాయని నేననను. మాట ఎత్తడానికి వాళ్ళు దారి చూపిస్తారు. ఎత్తాక మొహం మీద తలుపు వేసేదీ, కూర్చోబెట్టి వినేదీ ఇంట్లోవాళ్ళే.

మా వాట్సాప్ గ్రూపుల్లో "ఇలాంటివాళ్ళని చూసే పిల్లలు చెడిపోతున్నారు" అని మెసేజ్‌లు తిరుగుతుంటాయి. నేను ఒప్పుకోను. మా ఇంటికొచ్చే తెలుగు పిల్లల్లో ఒకరు, ఈ ఊలు ఉండ చేతిలో పట్టుకునే, "ఆంటీ, టామ్ వాళ్ళమ్మకి ఎలా చెప్పాడో తెలుసా?" అని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడారు. ఆ మనసులో ఉన్నది టామ్ పెట్టింది కాదు, చాన్నాళ్ళ నుంచి మోస్తున్నదే. వేరేవాళ్ళ కథలాగా మొదలుపెట్టే వీలు దొరికింది, అంతే. మా వాడి సంగతేంటని అడక్కండి. అది వాడు చెప్పుకోవాల్సింది, నేను రాయను.

5కి 5 ఇస్తున్నాను. కొనేవాళ్ళు ఇంకో జత లావు సూదులూ రెండు ఊలు ఉండలూ అదనంగా తీసుకోండి. పిల్లల పక్కన కూర్చుని మీరూ అల్లొచ్చు. ఫోన్ అవతల పెట్టండి. ఉతికేటప్పుడు చల్లనీళ్ళలో చేత్తో ఉతికి, తీగ మీద వేలాడదీయకుండా తువ్వాలు మీద పరిచి ఆరబెట్టండి, లేకపోతే సాగిపోతుంది.