సుబాస్టియన్ డైవ్ లైవ్: ఒక క్రేన్ ఆపరేటర్ రివ్యూ

ఎక్కడ లోడు వేలాడుతున్నా మా క్రేన్ వాళ్ల కళ్లు ముందు రోప్ మీదకే పోతాయి. సముద్రాల మీద పరిశోధన చేసే ష్మిట్ ఓషన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు యూట్యూబ్‌లో ఉచితంగా ఇచ్చే సముద్రపు అడుగు లైవ్‌కి నేను అతుక్కుపోయిందీ అందుకే. చేపల కోసం కాదు, మిషన్ నడిపేవాళ్ల కోసం.

పైన ఫాల్కర్ టూ అనే ఓడ అలల మీద ఊగుతుంటుంది. దాన్నుంచి కేబుల్‌తో దిగే రోబో పేరు సుబాస్టియన్. 4,500 మీటర్ల దాకా పోగలదు. అక్కడ పీడనం పైనున్న గాలి ఒత్తిడికి దాదాపు 450 రెట్లు. పైలట్లు ఓడలో గదిలో కూర్చుని, స్క్రీన్ చూస్తూ దాని రెండు చేతులూ ఆడిస్తారు. నాకైతే లోడు బరువెంతో సీట్లో కూర్చుంటేనే తెలిసిపోతుంది. వాళ్లకి ఆ ఆసరా లేదు, ఉన్నదల్లా కెమెరాలే. అయినా చిన్న పగడపు కొమ్మని పుటుక్కున విరిచి డబ్బాలో పెట్టేస్తారు. మెత్తటి ప్రాణులైతే గొట్టంతో పీల్చుకుంటారు. ఈ పనితనానికే సగం మార్కులు.

తెర మీద రెండు లేజర్ చుక్కలు కనిపిస్తాయి, వాటి మధ్య దూరం 10 సెంటీమీటర్లు. అది తెలియకపోతే అరచేతంత పీత కూడా రాక్షసిలా ఉంటుంది.

ఓపిక లేనివాళ్లకి ఇది పనికిరాదు. దిగడానికే గంట పైన పట్టొచ్చు: నీలం కాస్తా నలుపవుతుంది, ఇక తెల్లటి నలుసులే. అవి పైనుంచి రాలే చచ్చిన జీవుల ముక్కలు, మలం. అడుగున ఉండేవాళ్లకి అదే తిండి. దిగాక కూడా చాలాసేపు బురదే.

నాకు బాగా నచ్చింది మాత్రం శాస్త్రవేత్తలు "ఇదేంటో తెలీదు" అని బాహాటంగా అనడం. 2025 మార్చిలో దక్షిణ శాండ్‌విచ్ దీవుల దగ్గర, 600 మీటర్ల లోతులో ఒక పిల్ల స్క్విడ్ కెమెరాకి చిక్కింది. పొడవు 30 సెంటీమీటర్లే. అందంగా ఉందని తీశారు, ఏంటో వాళ్లకీ తెలీదు. తర్వాత నిపుణులు చూసి కొలోసల్ స్క్విడ్ అని తేల్చారు, అంటే స్క్విడ్లన్నిట్లోకీ బరువైన జాతి. 1925లో ఆ జాతికి పేరు పెట్టాక, దాని సహజ నివాసంలో బతికున్నదాన్ని వీడియో తీయడం అదే మొదటిసారి!

అదే ఏడాది అర్జెంటీనా దగ్గర మార్ డెల్ ప్లాటా అనే సముద్రపు లోయలో దిగినప్పుడు మాటలన్నీ స్పానిష్‌లోనే. ఒక్క ముక్క అర్థం కాకపోయినా వదల్లేదు.

5కి 4 ఇస్తున్నా. డైవ్ లేని రోజుల్లో లైవ్ ఉండదు, అందుకే ఒకటి తగ్గించా. పాత రికార్డింగులు ఛానెల్‌లోనే దొరుకుతాయి. మొదలుపెట్టేవాళ్లు అంటార్కిటికా పక్కనున్న బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రం డైవ్‌తో పెట్టండి. 2025 జనవరిలో పెద్ద మంచుకొండ విడిపోయి బయటపడ్డ సముద్రపు అడుగు అది, అక్కడ బురద కన్నా స్పాంజిలు, పగడాలే ఎక్కువ చూపిస్తారు.